పంతులుగారికి పూచీ యెవరు?

విజయవాడలో ఏలూరు రోడ్డు వెంబడి నాలుగడుగులు వేసినచో విదేశోద్యోగములు, వీసాలు, ధ్రువపత్రములకు ముద్రలు అను మాటలు గల బోర్డులు కంటబడుచునే యుండును. ఆ బోర్డుల ప్రక్క మెట్లెక్కుచున్న వారిలో ఇంజనీర్లు, నర్సులు మాత్రమే గాక బి.ఇడి. పట్టము చేతబట్టుకొన్న ఉపాధ్యాయులును కలరు. ఒకరికి దుబాయి, ఒకరికి మాల్దీవులు, మరియొకరికి అమెరికాలో ఏదో యొక ఊరి బడి. వీరు లెక్కలు చక్కగా చెప్పగలరా, పిల్లలను ఆదరింపగలరా యన్నది తరువాతి మాట. మొదట వీరు జవాబు చెప్పవలసిన ప్రశ్న వేరు: మీకు పూచీ యెవరు?

ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. మన కోస్తాతీరమున దీని వయస్సు రెండు వందల యేండ్లకు పైమాటయే. వింత యేమనగా, ఆ రోజులలో ఈ ప్రశ్నకు జవాబు వెదకుకొనవలసి వచ్చినది మనవారు కారు. మన దేశమున చదువు చెప్ప వచ్చిన ఇంగ్లీషువారే, తమ దేశపు వర్తక సంఘమునకే, జవాబు చెప్పుకొనవలసి వచ్చెను.

ఈస్టిండియా కంపెనీకి తూర్పుదేశముల వర్తకముపై గుత్తాధికార మున్న కాలమున, కంపెనీ కొలువులో లేని ఇంగ్లీషువాడు భారతదేశమున కాలు మోపవలెనన్నచో లండనులోని డైరెక్టర్ల లైసెన్సు ఉండవలెను. లైసెన్సు లేనివానిని తిరుగుటోడ ఎక్కించు హక్కు కంపెనీకి కలదు. మూలకారణము వర్తకమే, తమ సరకునకు మరియొకడు పోటీ రాకూడదు. బడిపంతులు మిరియములకును బట్టలకును పోటీ కాడు గదా యని మీరు అడుగవచ్చును. కాని డైరెక్టర్ల తర్కము ఇట్లుండెను: చదువు చెప్ప వచ్చినవాడు మతమును కూడ చెప్పును, మతము చెప్పినచోట అలజడి పుట్టును, అలజడి పుట్టినచోట శిస్తు వసూలు కాదు. 1806లో వేలూరు సిపాయిల తిరుగుబాటు తరువాత ఈ భయము మరింత గట్టిపడెను.

విలియం కేరీ కథ దీనికి మంచి ఉదాహరణము. 1793లో ఆయన ఇంగ్లీషు ఓడలో చోటు సంపాదించినను, లైసెన్సు లేదని తెలిసి కప్తాను ఆయనను దింపివేసెను. అంతట ఆయన డేనిష్ ఓడ నెక్కి కలకత్తా చేరెను. ఆ మీదట మాల్డా ప్రాంతమున ఒక నీలిమందు కర్మాగారమునకు నిర్వాహకుడుగా కుదిరి, ఆ వృత్తి పేరిటనే లైసెన్సు పొందెను. 1799లో ఆయన సహచరులు మార్ష్‌మన్, వార్డు అమెరికా ఓడలో వచ్చి, కంపెనీ భూమిని తొక్కక, డెన్మార్కు రాజు ఏలుబడిలోని శ్రీరాంపురమున దిగిరి. కేరీయు అచటికే చేరెను. తరువాతి మలుపు చిత్రమైనది. 1801లో, దొరలకు దేశభాషలు నేర్పుటకై కలకత్తాలో స్థాపించిన ఫోర్టు విలియం కళాశాలలో ఈ నీలిమందు లైసెన్సువాడే ఉపాధ్యాయుడుగా నియమింపబడెను. ఆయన తెలుగునకు వ్రాసిన వ్యాకరణము 1814లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. దొడ్డిదారిన వచ్చిన పంతులుతో ముంగిటి గుమ్మమున పాఠము చెప్పించుకొనుటకు కంపెనీకి అభ్యంతరము లేకపోయెను.

తెలుగు దేశమునకు వచ్చినవారిది కూడ అదే దారి. లండన్ మిషనుకు చెందిన క్రాన్, డెగ్రాంజి యను నిరువురు డేనిష్ వారి తరంగంబాడిలో దిగి, అచటినుండి మదరాసు మీదుగా 1805లో విశాఖపట్టణము చేరి బడి పెట్టిరి. అందరికి ఇట్టి అదృష్టము పట్టలేదు. 1812లో కలకత్తాకు వచ్చిన అమెరికను అడోనిరం జడ్సనును దేశము విడిచి పొమ్మని ఆజ్ఞాపించిరి. ఆయన మారిషస్ పోయి, మరల మదరాసు వచ్చి, అచటను నిలువ వీలులేక, రేవులో దొరికిన ఓడనెక్కి 1813 జూలై 13న రంగూను చేరెను. బర్మాభాషకు నిఘంటువు కూర్చిన పండితుడు ఆ దేశమునకు చేరిన విధమిది. మదరాసున నిలువనిచ్చియుండినచో ఆ పరిశ్రమ ఏ భాషకు దక్కియుండెడిదో!

అదే జూలై 21న, అనగా జడ్సను రంగూనులో దిగిన ఎనిమిది దినములకు, లండనులో క్రొత్త చార్టరు చట్టము ఆమోదము పొందెను. ఉపయుక్తమైన విజ్ఞానమును, నీతిమతములను వ్యాపింపజేయుటకు పోగోరువారికి దారి యుండవలెనని ఆ చట్టము పలికెను. డైరెక్టర్లు లైసెన్సు నిరాకరించినచో పైనున్న నియంత్రణ మండలి దానిని ఇప్పింపవచ్చును. విద్యకై ఏటా లక్ష రూపాయలు వెచ్చింపవలెనన్న షరతు ఈ చట్టములోనిదే. దానిని మన చరిత్ర పుస్తకములు తప్పక చెప్పును. పంతులు రాకకు సంబంధించిన షరతును మాత్రము అంతగా చెప్పవు.

1833 నాటి చట్టము మరియొక మెట్టు. అది 1834 ఏప్రిల్ 22న అమలునకు వచ్చెను. 1800 జనవరి 1 నాటికే కంపెనీ ఏలుబడిలోనున్న ప్రాంతములకు బ్రిటిషు ప్రజలు లైసెన్సు లేకయే వచ్చి నివసింపవచ్చును. ఉత్తర సర్కారులు అంతకు ముప్పదియేండ్లకు మునుపే కంపెనీకి చిక్కినవి గనుక, మచిలీబందరు ఈ సడలింపులోనికి వచ్చెను. వచ్చినవాడు చేయవలసిన దొక్కటే. తన పేరు, తాను పోవుచోటు, తాను చేయదలచిన పని, ఈ మూడును వ్రాసి రేవులోని సుంకపు అధికారికి తెలుపవలెను. నేడు విమానములో పంచిపెట్టు ఆగమనపు చీటీలను పూరించినవారికి ఈ మూడు ప్రశ్నలును పరిచితములే.

ఈ తెరచిన తలుపు గుండ వచ్చినవారే రాబర్టు నోబిలు, హెన్రీ వాట్సన్ ఫాక్సు. ఒకరు కేంబ్రిడ్జి, మరియొకరు ఆక్స్‌ఫర్డు పట్టభద్రులు. 1841లో ఒకే ఓడలో మదరాసు చేరిరి. నోబిలు బందరులో పాఠశాల తెరచినది 1843 నవంబరులో. నడుమ గడచిన రెండేండ్లకు పైకాలములో అధికభాగము తెలుగు నేర్చుటకే పోయెను. ఈ సంగతి మేము ప్రత్యేకముగా చెప్పుచున్నాము. ఏ చట్టమును ఆయనను తెలుగు నేర్వుమని కోరలేదు. సుంకపు అధికారి పట్టికలో ఆ ప్రశ్నయే లేదు. ఐనను అది లేనిదే బందరు బ్రాహ్మణుల, వెలమల, కోమట్ల పిల్లలు ఆయన ముందర కూర్చుండరు.

పూచీ మాట ఇచటను వచ్చినది. కాని ప్రభుత్వమునుండి గాదు. నోబిలుకు జీతము పంపినది లండనులోని చర్చి మిషనరీ సొసైటీ. ఆయన రాకపోకలకు, రోగమునకు, మరణమునకు జవాబుదారీ ఆ సంఘమే. ఊరివారికి మాత్రము ఆ పూచీ చాలలేదు. 1852లో ఆయన విద్యార్థు లిరువురు క్రైస్తవమును స్వీకరింపగా, తల్లిదండ్రులు పిల్లలను మాన్పించిరి. బడి ఇంచుమించు ఖాళీ అయ్యెను. వారి కోపమును మేము తప్పుపట్టము. పిల్లవానిని లెక్కలకును ఇంగ్లీషునకును పంపినవాడు తన పిల్లవాడు తనకు మిగులునా లేదా యని అడుగుట న్యాయమే. నమ్మకము తిరిగి వచ్చుటకు కాలము పట్టెను. బడి నిలిచి, తరువాత నోబిల్ కళాశాలయై, ఆంధ్రదేశపు తొలి కళాశాలలలో నొకటిగా పేరొందెను. నోబిలు దొర 24 ఏండ్లలో ఒక్కమారైనను స్వదేశమునకు పోలేదు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన బందరులో సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. దానిని చూచి, మరుసటి సంవత్సరము అక్టోబరులో ఆయన అచటనే మరణించెను. ఫాక్సుకు అంత ఆయువు లేదు. భార్యను పోగొట్టుకొని, ఆరోగ్యము చెడి ఇంగ్లండుకు మరలి, 1848లో 31 ఏండ్లకే కన్నుమూసెను.

కృష్ణకు ఆవలి యొడ్డున గుంటూరులో 1842 జూలై చివర దిగిన హేయరు కథ మరొక రకము. ఆయన జర్మనీలో పుట్టి, అమెరికాలో స్థిరపడి, అమెరికను లూథరను సంఘము తరఫున వచ్చినవాడు. కలెక్టరు స్టోక్సు ఆయనను ఆదరించి బడులు పెట్టించెను. జిల్లా అధికారి స్నేహమే నాడు వీసా పని చేసెనన్నమాట. హేయరు రెండు పర్యాయములు మరలిపోయి, వైద్యశాస్త్ర పట్టమును కూడ సంపాదించి, తుదకు 1869లో 76 ఏండ్ల వయస్సున మూడవసారి గోదావరి తీరమునకు వచ్చెను. నేటి నిబంధనలలో ఆ వయస్సువానికి ఉద్యోగవీసా అడుగుటకు ఏ బడి సాహసించునో మాకు ఊహకందదు.

ఈ స్వేచ్ఛ మొదటి ప్రపంచ యుద్ధముతో ముగిసెను. అంతవరకు పాస్‌పోర్టు పెక్కు దేశముల నడుమ అవసరమే కాదు. యుద్ధము రాగానే నిన్నటి పంతులు నేడు శత్రుదేశీయు డయ్యెను. నెల్లూరు ప్రాంతమున బడులు నడపుచుండిన హెర్మన్స్‌బర్గు మిషను జర్మనులను నిర్బంధించి, 1915-16లో స్వదేశమునకు పంపివేసిరి. అట్లు పంపబడిన జర్మను మిషనరీలను మోసికొనిపోయిన ఓడ పేరు ‘గోల్కొండ’! ఆ మిషను పని తరువాత అమెరికనుల చేతికి పోయెను. యుద్ధము ముగిసినను కాగితము మాత్రము పోలేదు. 1920లో పారిసునందు దేశములు కూడి పాస్‌పోర్టు పుస్తకమునకు ఒక రూపము ఏర్పరచెను. అదే యేట మన దేశమున ప్రవేశించువారికి పాస్‌పోర్టు చట్టము వచ్చెను.

ఇక మనవారు బయటికి పోయిన కథ. తెలుగువానికి మొదటి పరదేశము రంగూను. ఐనను 1937 మార్చి 31 వరకు అది పరదేశమే కాదు. బర్మా బ్రిటిషిండియాలో నొక రాష్ట్రము. కాకినాడలోనో, విశాఖపట్టణములోనో పొగయోడ నెక్కిన కూలి గాని, గుమాస్తా గాని, బడిపంతులు గాని, బెజవాడనుండి మదరాసు పోయినట్లే రంగూను పోయెను. 1931 జనగణనలో రంగూను నగరవాసులలో సగమునకు పైగా భారతీయులే. 1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోయెను. నిలిచినచోటనే యుండి మనవారు విదేశీయులైరి. 1941 జూన్‌లో ఉభయ ప్రభుత్వములును ఒక ఒప్పందము చేసికొని, ఎ, బి యను రెండు తరగతుల అనుమతిపత్రములు ఏర్పరచెను. ఎ తరగతివాడు గడువులేక ఉండవచ్చును. బి తరగతివాడు కొన్ని యేండ్లకే. దేశమంతట దీనిపై నిరసన చెలరేగెను. ఆ ఏర్పాటు కుదురుకొనకమునుపే, డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడెను. లక్షలాది భారతీయులు కొండలలో అడవులలో నడచి ఇల్లు చేరిరి. ఆ బాటలో వారిని ఎ తరగతియా, బి తరగతియా యని అడిగినవారు లేరు.

యుద్ధానంతరము మరల పోయినవారు కలరు. స్వతంత్ర బర్మా విదేశీయులను నమోదు చేసెను. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చిన తరువాత అంగళ్ళు జాతీయమయ్యెను. 1965లో ప్రైవేటు పాఠశాలలును ప్రభుత్వపరమయ్యెను. విశాఖపట్టణములోని బర్మాక్యాంపు ఆ మరలి వచ్చినవారి పేరిటనే వెలసినది.

స్వతంత్ర భారతమున పాస్‌పోర్టు చాలకాలము హక్కు కాదు, అనుగ్రహము. ఇచ్చుట, మానుట ప్రభుత్వపు ఇష్టము. 1967 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు సత్వంత్ సింగ్ వ్యాజ్యమున, విదేశమునకు పోవుట వ్యక్తిస్వేచ్ఛలో భాగమే, చట్టము లేనిదే దానిని కాదనరాదు అని తీర్పు చెప్పెను. ఐదుగురిలో ముగ్గురి అభిప్రాయమది. దానిని వ్రాసినవారు మన రాజమహేంద్రవరపు కోకా సుబ్బారావుగారు. ఆ మరునాడే వారు ప్రధాన న్యాయమూర్తి పదవిని వదలుకొనిరి. తీర్పు ఫలితముగా ఆ జూన్‌లో పాస్‌పోర్టుల చట్టము వచ్చెను. విదేశపు బడిలో పాఠము చెప్పుచున్న ప్రతి తెలుగు ఉపాధ్యాయుడును ఆ తీర్పునకు ఋణపడి యున్నాడని మా అభిప్రాయము. పాస్‌పోర్టు వచ్చినను ఆ రోజులలో చేతికి దొరకు విదేశీ ద్రవ్యము 8 డాలర్లు మాత్రమే. దానితోనే ఇథియోపియాకు, నైజీరియాకు భారతీయోపాధ్యాయులు తరలిపోయిరి.

నేడు డబ్బు చిక్కు తీరినది, కాగితముల చిక్కు పెరిగినది. అందు మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు పేరు. మన యింటిపేరు ముందు వచ్చును, అదియు తరచుగా ఒక పొడి అక్షరముగా. పదవ తరగతి పత్రమున కె.వి. సుబ్బలక్ష్మి, పట్టాలో కె. వెంకట సుబ్బలక్ష్మి, వివాహానంతరము పాస్‌పోర్టులో భర్త యింటిపేరు. ఈ మూవురు నొక్కరే యని బందరులో ఎల్లరకు తెలియును. దుబాయి విద్యాశాఖకు తెలియదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, పెట్టినపేరు మరియొక గడిలో నుండవలెను. పేరంతయు ఒకే గడిలో వ్రాయించుకొన్నవారికి అమెరికా వీసాలో పెట్టినపేరునకు బదులు, పేరు తెలియదను అర్థము నిచ్చు మూడు అక్షరములు అచ్చగును. తల్లిదండ్రులు బారసాల చేసి పెట్టిన పేరు అట్లు పోవుట ఎంత వింత! పయనమునకు ఏడాది ముందే పత్రములన్నిటను పేరు నొకటిగా చేయించుకొనుట, లేదా ఇవి యన్నియు నొకరివే యను ప్రమాణపత్రమును సిద్ధపరచుకొనుట మేలు.

పేరు తరువాత ముద్రలు. 1961 నాటి హేగు ఒప్పందమున చేరిన దేశములకు మన విదేశాంగ శాఖ వేయు అపోస్టిల్ అను ఒకే ముద్ర చాలును. మనకు ఇది 2005 జూలై 14 నుండి అమలులోనున్నది. ఒమాను, బహ్రేను, ఇటీవల సౌదీ అరేబియా ఇందు చేరినవి. ఎమిరేట్లకు పోవువాడు మాత్రము పట్టాపై మొదట రాష్ట్రప్రభుత్వ ధ్రువీకరణము, పిమ్మట విదేశాంగ శాఖ ముద్ర, ఆ పిమ్మట ఆ దేశపు రాయబార కార్యాలయపు ముద్ర, అచట దిగిన తరువాత వారి విదేశాంగ శాఖ ముద్ర, ఈ వరుసనే వేయించుకొనవలెను. ఒక మెట్టు తప్పినచో తరువాతిది పడదు.

ఒక పరదేశమునుండి మరియొక పరదేశమునకు మారువారి సంగతి మరింత సున్నితము. కువైటులో ఐదేండ్లు చెప్పి సింగపూరు పోదలచినవారు కువైటు పోలీసుల ధ్రువపత్రమును, పాత బడి అనుభవపత్రమును అచట నుండగానే తీసికొనవలెను. విజయవాడకు వచ్చి వానికై వ్రాసుకొనుట నెలల పని. పాత నివాసానుమతిని సక్రమముగా రద్దు చేయించుకొనక బయలుదేరుట తగదు. అన్నిటికన్న ముఖ్యము, సందర్శక వీసాపై రమ్మని, వచ్చిన తరువాత ఉద్యోగవీసాగా మార్పింతుమని చెప్పు మాటను నమ్మి పోరాదు. పాఠము చెప్పిన మొదటి దినముననే అట్టివారు చట్టమును దాటినవా రగుదురు. జీతము రాకున్నను నోరెత్తలేరు.

ఇచటనే పూచీ ప్రశ్న తన నిజస్వరూపమును చూపును. గల్ఫు దేశములలో యజమానియే పూచీదారు. అతడు కాదన్ననాడు నివాసమే కాదగును. అమెరికా వినిమయ వీసాలో పూచీ ఆ దేశపు విదేశాంగ శాఖ గుర్తించిన సంస్థది. గడువు మూడేండ్లు, పొడిగించినను ఐదు దాటదు. కొందరు యజమానులు పాస్‌పోర్టును తమ యొద్ద నుంచుకొందురు. ఆ పుస్తకము భారతప్రభుత్వపు ఆస్తియని దానిలోనే అచ్చయి యున్నది; దానిని పెట్టెలో దాచు హక్కు ఏ బడికిని లేదు. ఇంకొక విచిత్రము. 1983 నాటి మన వలసల చట్టము క్రింద కూలివానికి రక్షకుడుగా ఒక అధికారి కలడు. ఒప్పందము చూచి గాని ఆయన పోనీయడు. పదవ తరగతి దాటినవారికి ఆ తనిఖీ లేదు. చదువుకొన్నవాడు తన్ను తాను కాచుకొనగలడని చట్టపు నమ్మకము. తెలియని భాషలో వ్రాసిన ఒప్పందముపై సంతకము చేసిన పట్టభద్రులను చూచిన మాకు ఆ నమ్మకము అంతగా లేదు.

మన దేశమునకు వచ్చు పరదేశపు పంతులు మాటయు చెప్పి విరమింతుము. 1920 నాటి ప్రవేశపు చట్టము, 1939 నాటి నమోదు చట్టము, 1946 నాటి విదేశీయుల చట్టము తొలగిపోయి, 2025 సెప్టెంబరు 1 నుండి వాని స్థానమున ఒకే క్రొత్త చట్టము అమలునకు వచ్చినది. 180 దినములకు మించిన వీసాపై వచ్చినవాడు 14 దినములలో నమోదు కావలెనను పద్ధతి నిలిచియే యున్నది. ఉద్యోగవీసాకు ఏటా 16.25 లక్షల రూపాయలకు తగ్గని జీతము చూపవలెనని నిబంధన యున్నది. భాషోపాధ్యాయులకు దానినుండి మినహాయింపు కలదు, ఇంగ్లీషు చెప్పువారికి తప్ప. ఫ్రెంచి, జపాను భాషలు చెప్ప వచ్చినవారు తక్కువ జీతమునకైనను బందరు కళాశాలలో చేరవచ్చును. ఇంగ్లీషు చెప్పుటకు మరియొక నోబిలు వచ్చినచో, ఆ జీతము నిచ్చు బడిని ముందు వెదకికొని రావలెను.